మొక్కల వెంట నడిచిన విద్యార్థి: జార్జి వాషింగ్టన్ కార్వర్

మన ఆదివారపు బడి పిల్లలకు కార్వర్ గారి పేరు క్రొత్త కాదు. వేరుశనగ కాయ నుండి మూడు వందల రకముల వస్తువులు చేసిన నల్లజాతి శాస్త్రజ్ఞుడు, ప్రార్థనాపరుడు అని వారికి చెబుతూ ఉంటాము. ఆ కథలో సగమును వేరుశనగయే ఆక్రమించుకున్నది. ఈ శతవార్షికోత్సవ సంచికలో మేము వ్రాయదలచినది ఆయన చదువును గూర్చి. బడి గడప మొదటిసారి త్రొక్కిన నాటి నుండి విశ్వవిద్యాలయపు పెద్ద పట్టా చేతికి వచ్చే వరకు ఆయనకు సుమారు ఇరవై సంవత్సరములు పట్టింది. ఆ ఇరవై ఏండ్లలో ఆయన ముఖము మీద తలుపు వేసినవారిలో క్రైస్తవులు ఉన్నారు, తలుపు తీసి లోపలికి రమ్మన్నవారిలోను క్రైస్తవులు ఉన్నారు. బడులు, బోర్డింగులు నడిపిన సంఘము మనది గనుక ఈ సంగతి మనకు దగ్గరది.

కార్వర్ ఏ సంవత్సరమున పుట్టాడో సరిగా వ్రాసి ఉంచినవారు లేరు. బానిసల పిల్లల పుట్టిన తేదీలు ఎవరికి కావాలి? 1864 ప్రాంతమని అంచనా. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రములో డైమండ్ అనే చిన్న ఊరి దగ్గర మోజెస్ కార్వర్, సూసన్ అనే దంపతులకు పొలము ఉండేది. వారు 1855లో మేరీ అనే పిల్లను ఏడు వందల డాలర్లకు కొన్నారు. ఆమె కొడుకే జార్జి. అంతర్యుద్ధపు రోజులు అవి. ఒక రాత్రి దోపిడిగాండ్రు వచ్చి తల్లిని, చంకబిడ్డను ఎత్తుకొనిపోయారు. మోజెస్ వెదకించగా బిడ్డ మాత్రమే దొరికాడు. వెదకి తెచ్చిన మనిషికి ఒక గుర్రమును ఇచ్చారట. తల్లి జాడ మరి తెలియలేదు. బానిసత్వము పోయిన తరువాత కూడా జార్జి, అతని అన్న జిమ్ ఆ దంపతుల ఇంటిలోనే పెరిగారు.

జార్జి రోగిష్టి బిడ్డ. కోరింతదగ్గు వచ్చి గొంతు దెబ్బతిన్నది. పెద్దవాడైన తరువాత కూడా ఆ గొంతు సన్నగానే ఉండేది. పొలము పనికి పనికిరాడని సూసన్ అతనికి వంట, కుట్టుపని, బట్టలు ఉతుకుట నేర్పింది. ఆడపిల్లల పనులని ఎవరు నవ్వినా ఆ పనులే తరువాత అతని చదువుకు ఫీజులు కట్టాయి. ఇంటి పని తీరగానే పిల్లవాడు దగ్గరలోని అడవిలోకి పోయేవాడు. అక్కడ పొదల మధ్య ఎవరికీ తెలియకుండా చిన్న తోట వేసుకున్నాడు. వాడిపోతున్న మొక్కను అక్కడికి తీసుకొనిపోయి మన్ను మార్చి, నీడ మార్చి, వేరు పురుగును ఏరి బ్రతికించేవాడు. చుట్టుప్రక్కల ఇండ్ల ఆడవారు తమ గులాబీ మొక్కలను వానికి చూపించుట మొదలుపెట్టారు. ఊరిలో వానికి మొక్కల వైద్యుడని పేరు వచ్చింది. అప్పటికి వానికి అక్షరములు కూడా సరిగా రావు. సూసన్ దగ్గర ఉన్న ఒక పాత అక్షరమాల పుస్తకమే వాని గ్రంథాలయము.

ఆ ఊరిలో బడి లేక కాదు. ఒక చిన్న కట్టడము ఉండేది. అది ఆదివారమున దేవాలయము, మిగిలిన రోజులలో బడి. ఆదివారమున జార్జి లోపల కూర్చుని పాటలు, ప్రసంగము వినవచ్చును. సోమవారమున అదే తలుపు వానికి మూసి ఉండేది, నల్లవాడు గనుక. ఒకే తలుపు, ఒకే బల్లలు, రెండు న్యాయములు. మన పెద్దలలో చాలామంది పల్లెబడి వెలుపల నిలబడి లోపలి పాఠము విన్నవారి మనుమలు. ఆ తలుపు ఎటువంటిదో వారికి మేము వివరించనవసరము లేదు.

మొక్కల పేర్లు ఏమిటి, పూవుకు ఆ రంగు ఎక్కడినుండి వచ్చింది, రాళ్ళలో ఏమున్నది, వాన ఎందుకు వస్తుంది అని జార్జి అడిగే ప్రశ్నలకు ఆ ఇంటిలో జవాబులు లేవు. పన్నెండు ఏండ్ల ప్రాయములో ఎనిమిది మైళ్ళ దూరములోని నియోషో అనే ఊరికి నడిచి వెళ్ళాడు. అక్కడ నల్లవారి పిల్లలకు ఒక గది బడి ఉన్నదని విన్నాడు. మొదటి రాత్రి ఒక కొట్టములో పడుకున్నాడు. ఆ కొట్టము మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి స్త్రీది. ఆమె మంత్రసాని, చాకలిపని చేసేది, వనమూలికల వైద్యము తెలిసినది. పిల్లవానిని కొడుకువలె ఇంటిలో ఉంచుకున్నది. అప్పటివరకు వాడు తనను కార్వర్ గారి జార్జి అని చెప్పుకొనేవాడు, బానిసల పేరు చెప్పే తీరు అది. ఇకమీదట జార్జి కార్వర్ అని చెప్పుకోవలెనని ఆమె నేర్పింది. చదివినంత చదివి, ఆ చదువును తిరిగి తన జనులకు పంచిపెట్టవలెనని కూడా చెప్పింది. ఒక పరిశుద్ధ గ్రంథము చేతికి ఇచ్చింది. ఆ గ్రంథమును ఆయన కడవరకు చదివారు.

మధ్యాహ్నపు గంట కొట్టగానే జార్జి కంచె దూకి ఇంటికి వచ్చి, తొట్టిలో బట్టలు ఉతికి, మరల కంచె దూకి బడికి పోయేవాడు. కొద్ది కాలములోనే ఒక సంగతి తెలిసిపోయింది: ఆ బడి పంతులుగారికి తెలిసినదంతా అయిపోయింది. ఇక్కడినుండి కార్వర్ జీవితములో ఒక పద్ధతి కనిపిస్తుంది. ఒకచోట నేర్చుకొనుటకు మిగిలినది లేదని తెలిసిన రోజున మూట కట్టుకొని మరొక ఊరికి బయలుదేరేవాడు. అన్నము కొరకు ఊరు మారినవారిని చూశాము, పని కొరకు మారినవారిని చూశాము. పాఠము కొరకు పది ఏండ్లు ఊరూరు తిరిగిన బాలుడు అరుదు.

కాన్సాస్ రాష్ట్రములోని ఫోర్ట్ స్కాట్‌లో ఒక ఇంట వంట చేస్తూ చదువుకొన్నాడు. 1879లో ఆ ఊరి గుంపు ఒక నల్లవానిని చెరసాల నుండి లాగి చంపుట కళ్ళారా చూశాడు. ఆ రాత్రే ఊరు విడిచిపెట్టాడు. ముసలితనములో కూడా ఆ రాత్రిని మరువలేదు. తరువాత మరికొన్ని ఊర్లు. ప్రతి ఊరిలోను ఒక ఉతికే తొట్టి, ఒక ఇస్త్రీపెట్టె, ఒక బడి. మిన్నియాపోలిస్ అనే కాన్సాస్ పట్టణములో హైస్కూలు చదువు చదివాడు. అదే ఊరిలో మరొక జార్జి కార్వర్ ఉండి, ఉత్తరములు తారుమారు అగుటచేత తన పేరు మధ్యలో ఒక అక్షరము చేర్చుకున్నాడు. వాషింగ్టన్ అనే మధ్యపేరు పుట్టిన కథ ఇదే.

1885 ప్రాంతములో హైలాండ్ కాలేజీకి దరఖాస్తు పంపాడు. అది ప్రెస్బిటేరియన్ సంఘము వారిది. మార్కులు చూచి సీటు ఇచ్చినట్లు జవాబు వ్రాశారు. జార్జి ఉన్న కాస్త సొమ్ము ఖర్చుపెట్టుకొని అక్కడికి చేరాడు. ఉత్తరములో చర్మపు రంగు కనబడదు కదా. మనిషిని చూచిన తరువాత నల్లవారిని చేర్చుకొనమని చెప్పి పంపివేశారు. ప్రార్థనతో తరగతులు మొదలుపెట్టే కాలేజీ అది! ఈ భాగము వ్రాయునప్పుడు మా కలము కొంత తడబడింది. శతవార్షికోత్సవ సంచికలో సంఘపు మంచినే వ్రాయుట మర్యాద అని కొందరు అనవచ్చును. కాని సంఘము చేసిన కీడును దాచిపెట్టితే, అదే సంఘములోని మరికొందరు చేసిన మేలుకు విలువ ఉండదు.

ఆ దెబ్బకు జార్జి చదువు ఆశ విడిచిపెట్టినట్లే కనిపిస్తుంది. 1886లో పడమటి కాన్సాస్ మైదానములో ప్రభుత్వము ఇచ్చే భూమి తీసుకున్నాడు. చెట్టు లేని దేశము అది. గడ్డితో కూడిన మట్టిపెళ్ళలు కోసి ఇల్లు కట్టుకున్నాడు. పదిహేడు ఎకరములు తన చేతులతో సేద్యము చేశాడు. ఎండలు, మంచు తుఫానులు చూశాడు. అయితే ఆ మట్టి ఇంటిలో కూడా ఒక ప్రక్కన పూలమొక్కల కొరకు చోటు చేసుకున్నాడు. అక్కడి రాళ్ళను, మొక్కలను సేకరించి పెట్టుకున్నాడు. కాలేజీ తలుపు మూయబడినా మొక్కలతో పాఠము ఆగలేదు.

రెండు మూడేండ్ల తరువాత ఆ భూమి విడిచి అయోవా రాష్ట్రములోని వింటర్‌సెట్‌కు వచ్చి ఒక హోటలులో వంటవాడుగా కుదిరాడు. ఒక ఆదివారమున ఆరాధనకు వెళ్ళి వెనుక వరుసలో కూర్చుని పాడుచుండగా ఆ కంఠము విన్న ఒక తెల్ల దొరసాని ఎవరా అని విచారించింది. ఆమె మిల్‌హాలండ్ అనే వైద్యుని భార్య. ఆ దంపతులు వానిని ఇంటికి పిలిచి భోజనము పెట్టి, మాట్లాడి, ఈ కుర్రవాడు వంటయింటిలో ఉండదగినవాడు కాడని గ్రహించారు. ఇండియనోలా అనే ఊరిలో మెథడిస్టు సంఘమువారి సింప్సన్ కాలేజీ ఉన్నది, అక్కడ రంగు చూడరు, పొమ్మని ఒకటికి పదిసార్లు చెప్పారు. ఒకసారి అవమానము పొందినవాడు మరల వేరొక కాలేజీ మెట్లు ఎక్కుట తేలిక కాదు. జార్జి 1890 సెప్టెంబరులో ఆ మెట్లు ఎక్కాడు. ఫీజు కట్టిన తరువాత జేబులో పది సెంట్లు మిగిలాయట. దానితో మొక్కజొన్న పిండి, ఎద్దు కొవ్వు కొని రోజులు గడిపాడు. తోటి విద్యార్థుల బట్టలు ఉతికే పని పెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు మలుపు. సింప్సన్‌లో జార్జి కోరుకున్నది విజ్ఞానశాస్త్రము కాదు, చిత్రలేఖనము. చిన్ననాటి నుండి బొగ్గుతో, కాయల రసముతో బొమ్మలు వేసేవాడు. చిత్రకళ నేర్పే ఎట్టా బడ్ అనే ఉపాధ్యాయురాలు మొదట కొంత సంశయించింది గాని, అతని చేతిని చూచిన తరువాత సంశయము పోయింది. అయితే ఆమె మరొకటి కూడా చూచింది. ఈ విద్యార్థి వేసే బొమ్మలన్నీ మొక్కలే. ఒక కేక్టసు ముల్లు ఎక్కడ పుడుతుందో, ఆకు కాడ ఏ వంపు తిరుగుతుందో అన్నీ సరిగా ఉంటాయి. గదిలో తాను అంటుకట్టిన మొక్కలు తెచ్చి చూపించేవాడు. ఆ రోజులలో నల్లజాతివాడు చిత్రకారుడుగా బ్రతుకుట కష్టమని ఆమెకు తెలుసు. ఆమె తండ్రి ఏమ్స్ పట్టణములోని అయోవా రాష్ట్ర వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యుడు. అక్కడికి పోయి వృక్షశాస్త్రము చదువుమని సలహా ఇచ్చింది.

జార్జికి అది సులభముగా మింగుడు పడలేదు. కుంచె విడిచిపెట్టుట అతనికి ఒక అవయవము కోసుకొన్నంత పని. కాని నియోషోలో మరియా అమ్మ చెప్పిన మాట ఉన్నది: నేర్చినది జనులకు పంచవలెను. దక్షిణాది రాష్ట్రములలో తన జనులు లక్షల కొలది భూమిని నమ్ముకొని ఆకలితో ఉన్నారు. వారికి చిత్రపటము కంటె పంట అవసరము. 1891లో ఏమ్స్ చేరాడు. ఆ కళాశాలలో అతడే మొదటి నల్లజాతి విద్యార్థి. మా అభిప్రాయములో జార్జి ఒక ప్రేమను విడిచి మరొక ప్రేమను పట్టుకొనలేదు. బొమ్మ వేయుటలోను, మొక్కను పరిశీలించుటలోను ఉన్నది ఒకే చూపు. ఆ చూపును గుర్తించి దానికి తగిన తరగతి గది ఏదో చెప్పగలిగిన టీచరమ్మ దొరకుట అతని అదృష్టము. మన బడులలో పనిచేసిన టీచరమ్మలు, పంతుళ్ళు ఎందరు ఇట్లు పిల్లలను గుర్తించి దారి చూపారో ఏ రిజిస్టరులోను వ్రాయబడలేదు.

ఏమ్స్‌లో మొదటి రోజులు చేదుగానే గడిచాయి. భోజనశాలలో విద్యార్థులతో కలిసి కూర్చోనివ్వలేదు; క్రింది గదిలో పనివారితో తినుమన్నారు. ఇది విని ఇండియనోలా నుండి ఒక పెద్దింటి దొరసాని మంచి బట్టలు ధరించి రైలెక్కి వచ్చి, ఆ క్రింది గదిలోనే జార్జితో కూర్చుని భోజనము చేసింది. కళాశాల అంతా చూచింది. ఆ తరువాత పరిస్థితి మారుట మొదలైనది. ఆమె ఉపన్యాసమేమీ ఇవ్వలేదు, భోజనము చేసింది అంతే. ప్రభువు కూడా ఎవరితో భోజనము చేసినందుకు నిందింపబడ్డాడో మనకు తెలుసు.

అక్కడ జార్జి నిజముగా విజృంభించాడు. లూయీ పామెల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు వానిని చేరదీశాడు. మొక్కలకు తెగుళ్ళు తెచ్చే బూజుజాతులను, అనగా శిలీంధ్రములను, సేకరించుటలో జార్జికి సాటి లేరని ఆచార్యుడే చెప్పుకొనేవాడు. మనకు కనబడని ఒక మచ్చ ఆకుమీద అతనికి కనబడేది. కొన్ని క్రొత్త శిలీంధ్రములకు తరువాత శాస్త్రజ్ఞులు కార్వర్ పేరే పెట్టారు. జేమ్స్ విల్సన్ అనే మరొక ఆచార్యుడు జార్జితో కలిసి విద్యార్థుల ప్రార్థన కూటము నడిపేవాడు. ఈ విల్సన్ గారే తరువాత 1897 నుండి 1913 వరకు అమెరికా దేశపు వ్యవసాయ మంత్రిగా ఉన్నారు. ఇంకొక ఆచార్యుని చిన్న కుమారుడు జార్జి చెయ్యి పట్టుకొని పొలముల వెంట తిరుగుతూ గడ్డిపూల పేర్లు నేర్చుకున్నాడు. ఆ పిల్లవాడు హెన్రీ వాలెస్ పెద్దవాడై అమెరికా ఉపాధ్యక్షుడైనాడు.

కుంచె కూడా పూర్తిగా పోలేదు. తోటి విద్యార్థులు డబ్బు ప్రోగుచేసి సూటు కొనిపెట్టి, తన చిత్రములతో ప్రదర్శనకు పంపించారు. అక్కడినుండి యక్కా, కేక్టసు మొక్కల చిత్రము 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనకు ఎన్నికై గౌరవ ప్రశంస పొందింది. 1894లో బ్యాచిలర్ పట్టా. మనుష్యుని చేతిలో మొక్కలు ఎట్లు మారుతాయో దానినిగూర్చి వ్యాసము వ్రాశాడు. ఆ కళాశాలలోనే అధ్యాపకుడుగా తీసుకొని గాజుగృహమును అప్పగించారు. 1896లో మాస్టర్ పట్టా. వయస్సు ముప్పది దాటింది.

అక్కడే ఉండి ఉంటే మంచి ప్రయోగశాల, పేరుగల ఆచార్యులు, ఇంకా పై చదువు. అప్పుడు బుకర్ టి. వాషింగ్టన్ గారి ఉత్తరము వచ్చింది. ఆయన కూడా బానిసగా పుట్టినవారే. అలబామా రాష్ట్రములోని టస్కీగీలో 1881లో నల్లవారి కొరకు విద్యాలయము స్థాపించినవారు. జీతము తక్కువ, పని ఎక్కువ, సామగ్రి లేదు. జార్జి 1896 అక్టోబరులో బయలుదేరాడు. కొంతకాలము పనిచేసి ఇతరులకు అప్పగించి మరల బొమ్మలు వేసుకొనుటకు పోవలెనని ఆయన ఆలోచన. నలుబదియారు సంవత్సరములు గడిచాయి, వెళ్ళలేదు.

ఇక్కడినుండి జార్జి కాదు, ఆచార్య కార్వర్ గారు. ఆ మాట చెప్పగానే మర్యాద దానంతటదే వస్తున్నది. టస్కీగీలో ప్రయోగశాల అంటే ఖాళీ గది. ఆయన విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పల వెంట తిరిగారు. పగిలిన సీసాలు, డబ్బాల మూతలు, పాత తీగలు ఏరుకొని వచ్చారు. వంటయింటి మందపు కప్పు కల్వమైనది. సిరాబుడ్డికి వత్తి పెట్టితే దీపమైనది. విజ్ఞానశాస్త్రము నేర్చుటకు ముందు పరికరములు కావలెనని చెప్పే హెడ్‌మాస్టరులు ఈ సంగతి ఒకసారి ఆలోచింపవలెను. ప్రభుత్వమువారు కూడా ఈ సంగతిని పట్టుకొని పరికరములు ఇవ్వకుండా ఉండరాదు.

చుట్టూ ఉన్న నేల ప్రత్తితో నిస్సారమైపోయింది. ఏటేటా ప్రత్తి, ప్రత్తి మీద ప్రత్తి. ఇంటి గడప వరకు ప్రత్తియే వేసి, కూరగాయ కూడా అప్పుతో కొనే కౌలురైతులు. గుంటూరు, వరంగల్లు ప్రాంతముల రైతులకు ఈ కథ తెలుసు. కార్వర్ గారు చెప్పినది కష్టమైన శాస్త్రము కాదు. ప్రత్తి నేలలోని నత్రజనిని లాగుకొంటుంది. చిక్కుడు జాతి మొక్కల వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి, పంట తరువాత అది నేలకు మిగులుతుంది. అందుచేత ఒక ఏడు ప్రత్తి వేస్తే మరొక ఏడు అలసందలో, వేరుశనగలో వేయుమన్నారు. చిలగడదుంప కూడా వేయుమన్నారు. కొనే ఎరువుకు బదులు అడవి ఆకులు, చిత్తడి నేలల మన్ను కుళ్ళబెట్టి వాడుమన్నారు. మొక్కజొన్న పిండి, కొవ్వు, బెల్లపు పాకము తప్ప తిండి లేని ఇండ్లలో అలసందలు, వేరుశనగలు మాంసమునకు బదులైన ఆహారము కూడా.

చెప్పినంత మాత్రమున రైతులు వింటారా? చదువు రానివారు చాలామంది. 1898 నుండి మరణము వరకు నలుబదికి పైగా చిన్న పుస్తకములు సులభమైన మాటలలో వ్రాశారు. 1916లో వేరుశనగ సాగు, దానితో నూట అయిదు వంటకములు అనే పుస్తకము వచ్చింది. 1906లో ఒక గుర్రపు బండి తయారుచేయించి, దానిలో నాగళ్ళు, విత్తనములు, వెన్న తీసే సామాను పెట్టి పల్లెలకు పంపారు. బడికి రాలేనివాని వద్దకు బడి వెళ్ళింది. అలబామా రంగు మట్టితో గోడలకు పూసే రంగులు చేయుట నేర్పారు. మన పల్లెలలో అమ్మలు జాజు, సున్నముతో గోడలు అలంకరించినట్లే, పైసా ఖర్చు లేకుండా బీదవాని ఇల్లు కళకళలాడింది. చిత్రకారుడు ఇక్కడ మరల కనబడుతున్నాడు.

వేరుశనగ కథను కూడా కొంచెము సరిదిద్దవలెను. వేరుశనగ వెన్నను కనిపెట్టినది కార్వర్ గారని మన కరపత్రములలో వస్తూ ఉంటుంది. అది నిజము కాదు. ఆయనకు ముందే ఇతరులు చేశారు. మూడు వందల వస్తువుల జాబితాలో చాలా వరకు అప్పటికే తెలిసిన వంటకములు, కొద్ది మార్పులతో వేరొక పేరు పొందినవి. ఆయన తీసుకున్న పేటెంట్లు మూడే, 1925 నుండి 1927 వరకు. ఇది చెప్పుటవలన ఆయన గొప్పతనము తగ్గదు. ఆయన నిజమైన పని మిల్లుల కొరకు కాదు, ఒక ఎకరము కౌలు చేసేవాని కొరకు.

1921లో అమెరికా కాంగ్రెసు కమిటీ ఎదుట వేరుశనగ సుంకమును గూర్చి మాట్లాడుటకు పిలువబడ్డారు. పది నిమిషములు ఇచ్చారు. ఒక సభ్యుడు నల్లవారిని ఎగతాళి చేసే పాత పద్ధతిలో పుచ్చకాయను గూర్చి ఒక హాస్యపు మాట విసిరాడు. ఆయన నొచ్చుకొనక నవ్వుతూ జవాబిచ్చి, సంచి నుండి సీసాలు ఒక్కొక్కటి తీసి చూపారు. ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు విత్తనములనిచ్చు చెట్లను ఆహారముగా ఇచ్చిన సంగతి కూడా గుర్తుచేశారు. సమయము అయిపోయినా సభ్యులే కావలసినంత సేపు మాట్లాడుమన్నారు.

1924లో మరొక పరీక్ష వచ్చింది. న్యూయార్కులోని ఒక దేవాలయములో మాట్లాడుతూ, తన ప్రయోగశాలలోనికి పుస్తకములు తీసుకొనిపోనని, దేవుడే మార్గము చూపుతాడని అన్నారు. ఒక పెద్ద దినపత్రిక, నిజమైన శాస్త్రజ్ఞులు ఇట్లు మాట్లాడరని సంపాదకీయము వ్రాసింది. కార్వర్ గారు బాధపడి జవాబు వ్రాశారు. తాను సింప్సన్‌లోను, అయోవాలోను ఎన్ని సంవత్సరములు చదివారో, ఏయే శాస్త్రజ్ఞుల గ్రంథములు చదివారో పేర్లతో సహా తెలిపారు. ప్రేరణకు జ్ఞానము అడ్డము కాదు, జ్ఞానము పెరిగినకొలది ప్రేరణ పెరుగుతుందని ఆయన జవాబు సారము. మన యువజన కూటములలో ప్రార్థన చేస్తే చాలు, పాఠము చదువకపోయినా పరీక్ష గట్టెక్కవచ్చునని తలచే పిల్లలకు కార్వర్ గారి పేరు చెప్పేటప్పుడు ఆయన వేకువనే లేచి అడవిలో ప్రార్థించుటతోపాటు ఈ ఇరవై ఏండ్ల చదువును కూడా చెప్పవలెను. ఆయన వారము వారము విద్యార్థులకు బైబిలు తరగతి నడిపేవారు. అది ఐచ్ఛికమే గాని గది నిండిపోయేది.

మన దేశముతో ఆయనకు ఒక చిన్న సంబంధము ఉన్నది. దీనబంధు సి.ఎఫ్. ఆండ్రూస్ గారు 1929లో టస్కీగీ దర్శించారు. గాంధీజీ ఆహార నియమములను గూర్చి కార్వర్ గారు శ్రద్ధ చూపి, శాకాహారమునకు సంబంధించిన సలహాలు పంపారు. 1935లో తమ వ్యవసాయ పుస్తకములను కూడా గాంధీజీకి పంపినట్లు ఉత్తరములు ఉన్నవి. ఈనాడు అనంతపురము జిల్లాలో ఎర్రనేలలో వేరుశనగ పీకే మనిషికి కార్వర్ ఎవరో తెలియదు. కాని వాన తప్పిన సంవత్సరమున ఆ రైతు పడే బాధ కార్వర్ గారికి బాగా తెలిసిన బాధయే.

ఆయన వివాహము చేసుకొనలేదు. నలుబది ఏండ్ల పైన జీతము పెంచుమని అడిగినది లేదు. మాసిన కోటు, దాని గుండీ రంధ్రములో ప్రతిదినము ఒక తాజా పూవు. జీతపు చెక్కులు కొన్ని నెలల తరబడి సొరుగులో పడి ఉండేవట. కూడబెట్టిన సొమ్ము అరువదివేల డాలర్ల వరకు టస్కీగీలో పరిశోధనకు వ్రాసి ఇచ్చారు. సింప్సన్ కాలేజీ 1928లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అంతకు ముందు ముప్పది ఏండ్లుగా జనులు డాక్టరుగారు అని పిలుస్తుంటే, నేను డాక్టరును కాను అని సిగ్గుపడేవారు.

1943 జనవరి 5న మెట్లమీద జారిపడిన దెబ్బ తరువాత టస్కీగీలో ప్రభువునందు నిద్రించారు. బుకర్ వాషింగ్టన్ గారి ప్రక్కనే సమాధి చేశారు. అదే సంవత్సరము జూలైలో అమెరికా ప్రభుత్వము డైమండ్ దగ్గర ఆయన పుట్టిన పొలమును జాతీయ స్మారకముగా ప్రకటించింది. ఒక నల్లజాతి మనిషి పేరున అటువంటి స్మారకము అదే మొదటిది. చిన్నతనమున ఆయన దాచుకున్న తోట ఉన్న అడవి ఆ హద్దులలోనే ఉన్నది.

1947లో టస్కీగీలోని కార్వర్ మ్యూజియములో అగ్నిప్రమాదము జరిగింది. అక్కడ ఉన్న నలుబది ఎనిమిది చిత్రములలో మూడు తప్ప మిగిలినవన్నీ కాలిపోయాయని అప్పటి పత్రికలు వ్రాశాయి. షికాగోకు వెళ్ళి వచ్చిన యక్కా, కేక్టసు చిత్రము పోలేదు. తరువాత దానిని శుభ్రపరచి బాగుచేశారు.